వయ్యారిభామ – చర్మము – జ్ఞాపకము
(ఉగాది సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఉగాది సభ అంటే పంచాంగ శ్రవణం వుండాలి, పద్యాలు వుండాలి, పిల్లల పాటలు వుండాలి. అటువంటి సభలో ఒంటి దురదను గురించి మాట్లాడతానన్నప్పుడు మన కార్యదర్శిగారు నవ్వారు. "పండుగపూట అదేమి విషయమయ్యా?" అన్నారు. కారణం విన్న తరువాత, "అయితే తప్పక చెప్పవలసిందే" అని నాకు పావుగంట వ్యవధి ఇచ్చారు. నేను వైద్యుడిని కాను. మెట్రిక్ వరకు చదువుకుని రైల్వే ఆఫీసులో ఫైళ్ళు చూసుకునే గుమాస్తాను. ఇప్పుడు చెప్పబోయే శాస్త్ర విషయం వైద్యుల దగ్గర అడిగి, పుస్తకాలు చదివి తెలుసుకున్నది. కాని దానికి ముందు చెప్పబోయే తప్పు మాత్రం నేను స్వయంగా చేసినది.

మా నాయనను మీలో చాలామంది యెరుగుదురు. ముప్పై రెండేళ్ళు రైలు పట్టాల మీద గ్యాంగులో పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. మన షోలాపూరు సంఘంలో ఉగాది పచ్చడికి మామిడికాయలు తరిగే పని యేటా ఆయనదే. 2022 వానాకాలం వెళ్ళిన తరువాత ఆయనకు కనురెప్పల మీద, మెడ చుట్టూ, మోచేతుల మడతల్లో దురద పట్టుకున్నది. మొదట యెర్రబడి, చిన్న చిన్న పొక్కులు లేచి, నీరు కారింది. కొన్ని నెలలకు అక్కడి చర్మం నల్లబడి, మందమై, ముడతలు పడింది. మందుల దుకాణంలో అడిగి ఒక గొట్టం మందు తెచ్చాను. రాసినప్పుడు తగ్గేది, మానితే రెండింతలై వచ్చేది. ఆ విధంగా అయిదు నెలలు పోగొట్టుకున్నాము.

ఇంతలో ఇరుగుపొరుగు మాట మొదలయింది. ఒకరు గజ్జి అన్నారు. ఒకరు గొంతు తగ్గించి కుష్ఠు అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలు వున్నారు కదా అని అందరూ నన్ను హెచ్చరించేవారే. నేను భయపడ్డాను. నాయన కంచము, గ్లాసు, పక్క వేరు చేయమని మా ఇంటావిడతో చెప్పాను. ఆవిడ, "ముందు పెద్ద డాక్టరుకు చూపించండి" అన్నది. నేను వినలేదు. నాయన కూడా యేమీ అడగలేదు. మనుమరాలు దగ్గరకు వస్తే తానే లేచి అవతలికి పోయేవాడు. 2023 ఉగాదికి ఆయన మందిరానికి రాలేదు. అడిగినవారికి ఒంట్లో బాగా లేదని చెప్పాను. నిజమేమంటే, నేనే రావద్దన్నాను.

ఆ తరువాత నెలలో చర్మవైద్యుని దగ్గరకు తీసుకుపోయాను. ఆయన నాయనను మొదట జబ్బు సంగతి అడగలేదు. "ఇంతకాలం యేమి పని చేశారు? ఇప్పుడు రోజంతా యేమి చేస్తుంటారు?" అని అడిగాడు. గ్యాంగు పని అనీ, ఇప్పుడు ఇంటి వెనుక ఖాళీ స్థలంలో కలుపు పీకి కూరమొక్కలు వేస్తున్నాననీ నాయన చెప్పాడు. వైద్యుడు వీపు మీద వరుసగా చిన్న చిన్న బిళ్ళలు అంటించి, రెండు రోజులు తడపవద్దన్నాడు. రెండు రోజుల తరువాత వాటిని తీసి చూశాడు, మరి రెండు రోజులకు మళ్ళీ చూశాడు. మిగిలిన చోట్ల చర్మం మామూలుగా వున్నది. ఒక్కచోట మాత్రం యెర్రగా, పొక్కులతో ఉబ్బి వున్నది. అది వయ్యారిభామ మొక్క రసం పెట్టిన చోటు.

పేరు చూడండి యెంత సొగసైనదో! మన మరాఠీ పొరుగువారు దీనినే గాజర్ గవత్ అంటారు, ఆకు క్యారెట్ ఆకులా వుంటుంది గనుక. తెల్లని చిన్న పువ్వులు పూస్తుంది. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. మన దేశంలో ఇది పెరుగుతున్నదని 1955లో మనకు దగ్గరలోనే, పుణెలో గుర్తించారు. దిగుమతి చేసుకున్న గోధుమలతో కలిసి వచ్చిందని అంటారు. ఒక్క మొక్క పదివేలకు పైగా విత్తనాలు రాలుస్తుంది. రోడ్ల వెంట, రైలు కట్టల వెంట, పాడుబడిన స్థలాల్లో యెక్కడ చూసినా అదే. ఇది తగిలినవారికి చర్మవ్యాధి వస్తున్నదని పుణె ప్రాంతపు రోగులను చూసిన వైద్యులు 1970ల లోనే లోకానికి తెలియజేశారు.

నాకు అప్పుడు రెండు సందేహాలు కలిగాయి. వైద్యుణ్ణి అడిగాను. ముప్పై రెండేళ్ళు ఆ మొక్కల మధ్యనే, వట్టి చేతులతో పీకుతూ బ్రతికిన మనిషికి అప్పుడు రానిది ఇప్పుడెందుకు వచ్చింది? చేతులతో పీకితే కనురెప్పల మీద యెందుకు వచ్చింది? ఈ రెండింటికీ జవాబు తెలుసుకోవడానికే నేను పుస్తకాలు పట్టుకున్నాను. తెలిసినంతవరకు మీకు మనవి చేస్తాను.

వయ్యారిభామలో పార్థెనిన్ అనే పదార్థం వున్నది. మొక్క మీది సన్నని నూగులో ఇది నిలవవుంటుంది. మొక్క యెండితే ఆ నూగు దుమ్ములో కలిసి గాలికి లేస్తుంది. అందుకే తాకని కనురెప్పల మీద, మెడ మీద, చెమట నిలిచే మడతల్లో పడుతుంది. ఇది రెండవ సందేహానికి జవాబు.

ఇక మొదటి సందేహం. పార్థెనిన్ అణువు చాలా చిన్నది. దాని అణుభారం 262 మాత్రమే. మన రక్తంలో తిరిగే రక్షక ప్రోటీనుల భారం ఒక్కొక్కటి లక్షా యాభైవేల దాకా వుంటుంది. అంత చిన్నది గనుకనే పైచర్మపు సందుల్లోనుంచి లోపలికి దూరగలదు. అయితే అంత చిన్న వస్తువును మన ఒంటి కావలివాళ్ళు సాధారణంగా లెక్కచేయరు. అది లోపలికి వెళ్ళి మన చర్మంలోని ప్రోటీనుకే అతుక్కుంటుంది. అప్పుడు మన సొంత ప్రోటీనే పరాయిదానిలా కనిపిస్తుంది. ఇలా అతుక్కొని గొడవ తెచ్చే చిన్న పదార్థాలను హాప్టెన్ అంటారు.

మన చర్మంలో లాంగర్‌హాన్స్ కణాలు అని వున్నాయి. 1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి వీటిని మొదట చూశాడు. చేతులు చాచినట్లు కొమ్మలు కొమ్మలుగా వుండేసరికి ఇవి నరాలేమో అనుకున్నాడు. నరాలు కావు, కావలి కణాలని తేలడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. రైలు పట్టాల వెంట కీమేన్ రోజూ నడిచి చూసినట్లే ఇవి చర్మాన్ని కనిపెట్టుకొని వుంటాయి. చర్మకణాలు యేదో చిరాకు తగిలిందని రసాయన సంకేతాలు పంపితే, యీ కావలి కణాలు ఆ మారిపోయిన ప్రోటీనును మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను నెత్తిన పెట్టుకొని బయలుదేరుతాయి.

యెక్కడికి? చంకలో, గజ్జలో, మెడలో బిళ్ళ కట్టిందని మనం అంటూ వుంటాము. ఆ బిళ్ళలే లింఫు గ్రంథులు. అవి ఒంటికి కంట్రోలు ఆఫీసుల వంటివి. అక్కడ టి కణాలు అనే తెల్లకణాలు వుంటాయి. వాటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క ఆకారాన్ని మాత్రమే గుర్తుపట్టగలదు. కావలి కణం తెచ్చిన ముక్కను ఒకదాని తరువాత ఒకటి తడిమి చూస్తాయి. తనకు సరిపోయిన ముక్క దొరికిన టి కణం మేల్కొని, ఒకటి రెండై, రెండు నాలుగై, వేలకు వేలు పెరుగుతుంది. దీనికి సుమారు పది రోజుల నుండి రెండు వారాలు పడుతుంది. ఈ మొదటి విడతలో సాధారణంగా దురద వుండదు, దద్దు వుండదు. మనిషికి యేమీ తెలియదు. ఫైలు తయారయిందన్నమాట, అంతే.

ఇలా పుట్టిన కణాల్లో కొన్ని చాలా ఏళ్ళు బ్రతుకుతాయి. వాటిని జ్ఞాపక కణాలు అంటారు. కొన్ని రక్తంలో తిరుగుతాయి. కొన్ని చర్మంలోనే కాపురం పెడతాయి. మళ్ళీ ఆ పదార్థం తగిలిందా, ఇక పది రోజులు అక్కరలేదు. ఒకటి రెండు రోజుల్లోనే, మూడు రోజులలోపల, అవి ఆ చోటికి మూగుతాయి. కొన్ని టి కణాలు ఆ పదార్థం అంటుకున్న చర్మకణాలను చంపుతాయి. మరికొన్ని ఇంటర్‌ఫెరాన్ వంటి పదార్థాలను వదలి ఇంకా తెల్లకణాలను పిలుస్తాయి. రక్తనాళాలు వెడల్పై చర్మం యెర్రబడుతుంది. చర్మకణాల మధ్య పట్టు సడలి, నీరు చేరి, పొక్కు లేస్తుంది. గమనించవలసిన సంగతి యేమంటే, యీ బాధలో పెద్దభాగం ఆ మొక్క విషం చేసేది కాదు. మన ఇంటి కావలివాళ్ళు, ఇంటికి చేటు లేని వస్తువును దొంగ అనుకొని, దొంగతోపాటు ఇంటి గోడలనూ కొట్టడమే యీ జబ్బు.

మరి ముప్పై రెండేళ్ళు యెందుకు ఊరుకున్నాయి? ఒంటిలో యీ కొట్లాటను ఆపే టి కణాలు కూడా వున్నాయి. 'ఇది మామూలే, పోనీ' అని చెప్పే పెద్దమనుషుల వంటివి. చాలాకాలం వాటి మాట చెల్లవచ్చు. చర్మం పగిలిన రోజున, లేదా ఒక్కసారిగా ఎక్కువ తగిలిన రోజున ఆ తూకం తప్పవచ్చు. కొందరికి మొదటి యేడే తప్పుతుంది, కొందరికి జన్మలో తప్పదు. కాబట్టి 'నాకు ఇన్నేళ్ళు యేమీ కాలేదు' అన్న మాట రేపటికి హామీ కాదు. ఒకసారి ఫైలు తెరుచుకున్న తరువాత మాత్రం దానిని కొట్టివేయడం బహు కష్టం.

ఈ పని చేసేది కణాలే అని యెలా తెలిసింది? కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రజ్ఞుని పేరు మీరు విని వుంటారు. మన రక్తపు గ్రూపులను కనిపెట్టి 1930లో నోబెల్ బహుమతి పొందినవాడు. ఆయన, మెరిల్ చేజ్ అనే మరొకరు కలిసి 1942లో ఒక ప్రయోగం ప్రకటించారు. ఒక రసాయనం పడని గినీపందుల ఒంట్లోనుంచి తెల్లకణాలు తీసి, ఆ రసాయనం యెన్నడూ తగలని గినీపందులకు యెక్కించారు. వాటికీ ఆ రసాయనం పడకుండా పోయింది. రక్తపు నీరు యెక్కిస్తే అలా జరగలేదు. అంటే జ్ఞాపకం వుండేది రక్తపు నీటిలో కాదు, కణాల్లో. వీపు మీద బిళ్ళలు అంటించి చూసే పరీక్ష మాత్రం అంతకంటె పాతది. జోసెఫ్ యాడసోన్ అనే చర్మవైద్యుడు 1895లో దానిని లోకానికి తెలిపాడు.

వలస వచ్చినవాళ్ళం గనుక మనకు బాగా తెలిసే కథ ఒకటి చెప్తాను. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులు మన దేశంలో వున్నారు. వారిలో కొందరికి మెడ దగ్గర, నడుము దగ్గర పొక్కులు లేచాయి. సైన్యపు వైద్యులు పరీక్షించి 1943లో కారణం ప్రకటించారు. అది చాకలి గుర్తు! రజకులు బట్టల మీద గుర్తుపెట్టే నల్లజీడి గింజ రసం. మన దేశపు నల్లజీడిని వారు యెన్నడూ చూడలేదు కదా, మరి యెందుకు పడలేదు? వారి దేశంలో పాయిజన్ ఐవీ అనే తీగ వున్నది. దాని పాలు, నల్లజీడి నూనె దగ్గరి చుట్టాలు. చిన్నతనంలో ఊళ్ళో తగిలిన తీగను వారి కణాలు జ్ఞాపకం పెట్టుకొని, సముద్రాలు దాటి వచ్చిన తరువాత మన నల్లజీడిలో దానిని గుర్తుపట్టాయి. మనమూ అంతే కదా! తాతలు షోలాపూరు వచ్చి తరాలు గడిచినా, వేపపువ్వు వాసన తగిలితే చూడని ఊరు గుర్తుకు వస్తుంది.

ఆ కుటుంబానికి చెందినదే మన మామిడి. ముచ్చిక తుంచగానే కారే సొన తగిలి పెదవుల చుట్టూ పొక్కేవారు మీ ఇళ్ళలోనూ వుంటారు. జీడిగింజ పెంకులోని నూనె కూడా అటువంటిదే. ఉగాది పచ్చడి మీద మాత్రం అనుమానం పెట్టుకోకండి. కాయ ముచ్చిక తీసి, సొన కారనిచ్చి, కడిగి, చెక్కు తీసి తరిగితే చాలావరకు బాధ వుండదు.

మన ఇళ్ళలో ఇంకా యేమేమి వున్నాయో చూద్దాము. చవక నగల్లో, జుంకాల్లో, బెల్టు బిళ్ళలో వుండే నికెల్ అనే లోహం. జుట్టుకు వేసే నల్లరంగులో పారాఫినైలిన్ డయామిన్ అనే రసాయనం. సిమెంటులోని క్రోమియం, మన మేస్త్రీ సోదరుల చేతులకు శత్రువు. అంటించే బొట్టుబిళ్ళ వెనుక వుండే బంక. ఇది కొందరికి దురద తెస్తుంది, కొందరికి నుదుట తెల్లమచ్చ కూడా తెస్తుంది. అటువంటి ఆడపడుచు కొన్నాళ్ళు బొట్టుబిళ్ళ మానితే, దానికి తప్పుడు అర్థాలు తీయవద్దని పెద్దవాళ్ళకు చేతులు జోడించి మనవి చేస్తున్నాను. దండలు గుచ్చే అక్కచెల్లెళ్ళకు ఒక మాట. చామంతి, పొద్దుతిరుగుడు వయ్యారిభామ కుటుంబంలోనివే. వయ్యారిభామ పడనివారిలో కొందరికి అవీ పడవు.

యెలా గుర్తుపట్టాలి? దద్దుర్లు నిమిషాల్లో లేచి, ఒక్కొక్కటి సాధారణంగా ఒక రోజులోపల అణగిపోతుంది. ఇది అలా కాదు. తగిలిన మరునాడో, మూడవనాడో లేస్తుంది, వారాల తరబడి వుంటుంది. అందువల్లనే కారణం తెలియడం కష్టం. సోమవారం నాడు తగిలినదానికి బుధవారం నాడు తిన్న వంకాయ మీద నింద వేస్తాము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట, నేను యీ వేదిక యెక్కిన కారణం, ఇది అంటుజబ్బు కాదు. ఇందులో క్రిమి లేదు. జ్ఞాపకం ఆ మనిషి కణాల్లో వున్నది. కంచం ద్వారా, పక్క ద్వారా అది ఇంకొకరికి పోదు. పొక్కు నీరు తగిలినా రాదు. బట్టలకు పట్టిన మొక్క రసమో దుమ్మో అయితే కడిగివేయాలి, అంతే. గజ్జి, తామర వేరే జబ్బులు, అవి అంటుకుంటాయి. అందుకనే ఊహించుకోకుండా వైద్యునికి చూపించాలి. కుష్ఠు అయినా సరే, అది మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు. కంచం వేరుపెట్టడానికి అదీ కారణం కాదు.

దుకాణంలో అడిగి తెచ్చిన గొట్టం మందుల సంగతి. వాటిలో స్టిరాయిడ్ వుంటే టి కణాల జోరు తగ్గి తాత్కాలికంగా హాయిగా వుంటుంది. కాని వైద్యుని సలహా లేక నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పలచబడుతుంది. జబ్బు తామర అయివుంటే మరింత ముదురుతుంది. కొన్ని మందుల్లో కలిపే నియోమైసిన్ అనే పదార్థమే కొందరికి పడదు. మందు యెంత అవసరమో, కారణాన్ని దూరం పెట్టడం అంతకంటె అవసరం.

వచ్చే వానాకాలంలో మన మందిరం వెనుక స్థలాన్ని శ్రమదానంతో బాగుచేయాలని కార్యవర్గం తీర్మానించింది. చాలా సంతోషం. నా మనవి ఇంతే. ఆ మొక్కను పూత రాకముందు, నేల తడిగా వున్నప్పుడు వేళ్ళతో సహా పీకాలి. చేతులకు తొడుగులు, పూర్తి చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ వుండాలి. యెండిన మొక్కలను కదిపి దుమ్ము లేపరాదు. పని కాగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా వుతకాలి. పిల్లలను పిలువవద్దు. ఇంతకుముందు దురద వచ్చినవారు ఆ రోజు ఇంట్లోనే వుండాలి. గ్యాంగుల్లో, మునిసిపాలిటీ పనుల్లో వున్న మన సోదరులు తొడుగులను నామోషీ అనుకోకుండా అడిగి తీసుకోవాలి.

నాయన సంగతి చెప్పి ముగిస్తాను. వైద్యుడు ఆ రోజు అంతా వివరించి, "ఇంట్లో యెవరికైనా వచ్చిందా?" అని అడిగాడు. లేదన్నాను. "రాదు కూడా. మీరు పక్కన కూర్చుని తినవచ్చు" అన్నాడు. నాయన నా వైపు చూడలేదు, గోడ వైపు చూశాడు. ఇంటికి వచ్చి వేరుపెట్టిన కంచాన్ని మిగిలినవాటిలో కలిపాము. నేను, "తప్పయింది నాయనా" అన్నాను. ఆయన, "పిల్లలున్న ఇల్లు గదరా, భయం వుంటది" అన్నాడు. అంతకుమించి ఒక్కమాట అనలేదు. అన్ని నెలలు మనుమరాలిని యెత్తుకోని ముసలివాడు నాకే సర్దిచెప్పాడు.

ఆ కలుపు స్థలం ఇప్పుడు మేము చూసుకుంటున్నాము. నాయన జోలికి పోడు. జబ్బు చాలావరకు అణగింది. వానలు పోయి మొక్కలు యెండే రోజుల్లో కొంచెం తిరగబెడుతుంది, మందు రాస్తాడు. ఆయన ఇప్పుడు యీ సభలోనే, రెండవ వరుసలో కూర్చున్నారు. ఆయన అనుమతి తీసుకొనే ఇదంతా చెప్పాను. ఈ ఉదయం మీరు తిన్న పచ్చడిలో మామిడికాయ తరిగినది ఆయనే.

చర్మం ఒకసారి తగిలినదాన్ని మరచిపోదు. దాన్ని మనం మార్చలేము. కాని తెలియక భయపడి వేరుపెట్టిన కంచాన్ని తిరిగి కలపడం మన చేతిలో వున్నది. మీ ఇళ్ళలో, మీ వాడల్లో అటువంటి కంచం ఒకటి వుంటే, యీ పండుగనాడే కలపండి.